నడుమని చెప్పాం

నా భర్త తుర్గాయ్‌కి ఆపరేషన్ జరిగింది పిర్రల మధ్య. మా అత్తగారు ఊరందరికీ చెప్పింది మాత్రం నడుముకని. ఈ రెండు చోట్లకీ మధ్య దూరం జానెడు కూడా ఉండదు. మా ఇంటి పరువంతా ఆ జానెడులోనే ఇరుక్కుని ఉందని నాకప్పుడే తెలిసింది.

తుర్గాయ్ టర్కీలోని మా చోరుమ్‌లో మినీబస్సు నడుపుతాడు. పొద్దున ఎక్కిన సీటు సాయంత్రానికి గాని దిగడు. ఎండాకాలం వచ్చేసరికి పక్కకి ఒరిగి కూర్చోవడం మొదలుపెట్టాడు. ఏమైందంటే సీటు స్ప్రింగు గుచ్చుకుంటోందన్నాడు. స్ప్రింగు మార్పించాడు, సీటు మార్పించాడు, చివరికి ఆ సీటు అమ్మినవాడితో పోట్లాడి వచ్చాడు. ప్యాంటు మీద మరక కనిపిస్తే టమాటా గుజ్జు మీద కూర్చున్నానన్నాడు. ఇంట్లో బట్టలు ఉతికేది నేను. టమాటా గుజ్జు వాసన నాకు తెలుసు, చీము వాసనా తెలుసు.

నాకు అసలే భయం ఎక్కువ. మా పాప నిసా తుమ్మితే ఊపిరితిత్తుల దాకా వెళ్తుంది నా ఆలోచన. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయినదాన్ని కాబట్టి ఏ జబ్బు పేరు విన్నా అది ప్రాణం తీసేదనే అనిపిస్తుంది. ఇక మొగుడి ఒంటి నుంచి చీము కారుతుంటే ఊరుకుంటానా? ఏడ్చి, అలిగి, అన్నం మానేసి ఆసుపత్రికి లాక్కెళ్ళాను.

అక్కడ సర్జన్ ఆడమనిషి. చిన్న వయసు. తుర్గాయ్ బెల్టు పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడిపోయాడు.

"మగ డాక్టర్ ఎవరూ లేరా?" అన్నాడు.

"ఉన్నారు. నాకు పని నేర్పింది ఆయనే. అయినా మీకు తేడా ఏం తెలుస్తుంది, మీరు అటు తిరిగి ఉంటారు," అంది ఆవిడ చేతితొడుగులు వేసుకుంటూ. "బోర్లా పడుకోండి."

చూసింది. ఊడిన వెంట్రుకలు పిర్రల చీలికలో చేరి, కూర్చున్నప్పుడల్లా రాపిడికి చర్మంలోకి గుచ్చుకుని, లోపల సొరంగాలు చేసుకున్నాయట. మావాళ్ళు దీన్ని వెంట్రుక తిరగడం అంటారు. డాక్టర్లు పిలోనిడల్ సైనస్ అంటారు. ఏ పేరు పెట్టినా ఉన్న చోటు మారదు. సొరంగాలున్న మేరంతా కోసి తీసేసి, పక్క పిర్ర నుంచి కండని తిప్పి తెచ్చి ఆ గుంట మీద కప్పి కుట్టాలంది.

"ఎలా కోస్తారండీ?" అని అడిగాను.

"బక్లావా మిఠాయి ముక్కలా, డైమండు ఆకారంలో," అంది. ఆ తర్వాత నేను బక్లావా తినలేకపోయాను.

ఆపరేషన్ అయ్యాక ఆవిడ నన్ను పక్కకి పిలిచి చెప్పింది. "చూడమ్మా, మొగుడికి కాదు, నీకు చెప్తున్నాను. కుట్లు తీసేదాకా కూర్చోకూడదు. వెల్లకిలా పడుకోకూడదు. ఆ చోట ఒత్తిడి పడకూడదు, లాగుడు పడకూడదు. కుట్లు విడిపోతే మళ్ళీ మొదటికొస్తాం. ఈసారి తిప్పి కప్పడానికి మంచి కండ కూడా మిగలదు. అర్థమైందా?"

అర్థమైంది. అంత బాగా అర్థమవడమే నా ఖర్మ.

మా అత్తగారు హైరియే. ఆసుపత్రి వరండాలో జపమాల తిప్పుతూ కూర్చుని ఉంది. ఆపరేషన్ ఎలా చేశారని అడిగింది. ముందు నడుములో సూది వేసి కింది భాగమంతా మొద్దుబార్చారని చెప్పాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"నడుములో వేశారా సూది?"

"అవునత్తయ్యా."

"అయితే నడుము ఆపరేషనే!"

"సూది నడుములో. కోసింది మాత్రం..."

"కోసింది ఎక్కడో ఎవరడిగారే? నడుములో సూది వేశారా, లేదా? మరి అబద్ధమెక్కడుంది?" అని అక్కడినుంచే చెల్లెలికి ఫోను చేసింది. "ఏం చెప్పనే, నా బిడ్డకి నడుములో డిస్క్ జారింది..."

మా ఊళ్ళో డిస్క్ జారడం చాలా గౌరవమైన జబ్బు. సంసార భారం మోసినవాడికే అది వస్తుందని నమ్మకం. డిస్క్ జారినవాడు పెళ్ళిళ్ళలో మెత్తటి కుర్చీ అడగొచ్చు, బరువులు ఎత్తనని చెప్పొచ్చు, నిట్టూర్చొచ్చు. పిర్రల మధ్య వెంట్రుక దిగినవాడికి ఇవేమీ లేవు. కూర్చోలేని మనిషి అతనే, కానీ అతనికి కుర్చీ ఇవ్వరు.

ఇంటికి రాగానే జనం మొదలయ్యారు. మావైపు రోగిని చూడ్డానికి వెళ్ళకపోతే చచ్చాక కూడా దెప్పుతారు. గుమ్మం ముందు చెప్పులు మెట్ల దాకా పేరుకున్నాయి. వచ్చినవాళ్ళ అరచేతుల్లో నిమ్మవాసన కొలోన్ అత్తరు పోయడం, టీ ఇవ్వడం, గ్లాసు ఖాళీ అయితే మళ్ళీ నింపడం నా పని. పళ్ళరసం డబ్బాలు, వేయించిన శనగలు, బక్లావా డబ్బాలు వంటింట్లో గుట్ట పడ్డాయి.

రోగిని లోపలి గదిలో దాచుకుంటే తప్పట. అందుకని తుర్గాయ్‌ని హాల్లో దివాను మీద బోర్లా పడుకోబెట్టింది అత్తయ్య. గాయంలోంచి వచ్చే నీరు చేరడానికి పెట్టిన గొట్టాన్ని, దాని చివరి డబ్బాని దుప్పటి కింద దాచాను. వచ్చినవాళ్ళు అతని తల వెనకభాగంతో మాట్లాడి వెళ్ళేవాళ్ళు.

"గండం గడిచిపోవాలి నాయనా."

"ఊఁ," అనేవాడు దిండులోకి.

అందరికీ ఒక డిస్క్ ఉంది. అందరికీ ఒక మందు ఉంది. ఒకామె నల్ల ముల్లంగి తురిమి పట్టు వేయమంది. ఒకాయన కుక్క బొచ్చుతో నేసిన నడికట్టు తన నడుం నుంచి విప్పి, వెచ్చగా ఉండగానే నా చేతికిచ్చాడు. పై అంతస్తు నేబహత్ పిన్ని వేడి తవుడు మూట తెచ్చి దుప్పటి ఎత్తబోయింది. నేను మధ్యలో దూరి నిలబడ్డాను.

"పక్కకి జరగవే, కాస్త కాపడం పెట్టి పోతాను."

"డాక్టర్ వద్దన్నారు పిన్నీ."

"డాక్టర్లకేం తెలుసే తవుడు సంగతి?"

వార్డు పెద్ద వచ్చినప్పుడైతే మా అత్తయ్య కొడుకు చెవిలో బుసకొట్టింది. "లేచి కూర్చోరా ఒక్క నిమిషం! ఆయన వస్తే ముడ్డి పైకెట్టి పడుకుంటావా?"

తన కొడుక్కి ముడ్డే లేదన్నట్టు ఊరంతా చెప్పుకొస్తున్న మనిషి నోట ఆ మాట వినగానే నవ్వొచ్చింది. కానీ తుర్గాయ్ నిజంగానే మోచేతుల మీద లేవబోయాడు. నేను టీ పళ్ళెంతో అతని వీపు మీద ఒరిగినంత పని చేసి, లేవనివ్వకుండా చక్కెర గిన్నె అందుకున్నాను.

ఆ రోజు వంటింట్లో అత్తయ్యని పట్టుకున్నాను.

"అత్తయ్యా, నిజం చెప్పేద్దాం. వీళ్ళ వైద్యాల్తో కుట్లు ఊడిపోయేలా ఉన్నాయి."

"ఏమని చెప్తావే? నా కొడుకు ముడ్డిని తీసుకెళ్ళి ఊరి నోట్లో పెడతావా?"

"మళ్ళీ కోయాల్సొస్తే కప్పడానికి కండ ఉండదంది డాక్టరమ్మ."

"నోట్లోంచి శుభం పలకవే. టీ మరిగిపోతోంది చూడు."

తుర్గాయ్ దగ్గరికి వెళ్ళాను. అతను ఇంకా ఘనుడు.

"అమ్మ చెప్పినట్టే కానీ ఫెరిదే. స్టాండులో తెలిసిందంటే నా పని అయిపోతుంది. వెనకటికి ఒకడికి మొలలని తెలిసి మొలకాయ అని పేరు పెట్టారు. వాడి పిల్లల్ని కూడా అదే పేరుతో పిలుస్తున్నారు. రేపు నిసాని ఏమంటారో ఆలోచించు."

ఆలోచించాను. నిద్రపోతున్న పాప ముఖం చూసి మరీ ఆలోచించాను. అలా నా నోరు కూడా మూతపడింది.

ఆదివారం మధ్యాహ్నం ఇద్రీస్ మామయ్య వచ్చాడు. చనిపోయిన మా మామగారికి తమ్ముడు, తుర్గాయ్‌కి చిన్నాన్న. సైన్యంలో సార్జెంటుగా చేసి రిటైరయ్యాడు. ఇప్పటికీ మెట్లెక్కేటప్పుడు బూట్ల చప్పుడుకి పావురాలు లేచిపోతాయి. ఆయన పేరు చెబితే మా చుట్టాలంతా నడుము పట్టుకుంటారు. ఎందుకంటే డిస్క్ సరిచేయడంలో ఆయనకి ఒక పద్ధతి ఉంది. రోగికి వీపు ఆనించి నిలబడి, రెండు చేతులూ వెనక్కి మెలేసి, మనిషిని తన వీపు మీదికి ఎత్తుకుని గోనెసంచిలా విదిలిస్తాడు. టక్ మని శబ్దం రావాలి. వస్తే బాగైనట్టు. రాకపోతే మళ్ళీ విదిలిస్తాడు.

హాలు నిండా జనం ఉన్నారు. టీవీలో ఫుట్‌బాల్ వస్తోంది. మామయ్య కోటు విప్పి నేబహత్ పిన్నికిచ్చాడు, చొక్కా చేతులు మడిచాడు.

"లేవరా తుర్గాయ్."

"వద్దు చిన్నాన్నా. తగ్గిపోయింది."

"తగ్గితే బోర్లా ఎందుకు పడుకున్నావు?"

దీనికి జవాబు లేదు. నిజం తప్ప.

"డాక్టర్ కోశారు కదా మామయ్యా, కుట్లున్నాయి," అన్నాను నేను టీ పళ్ళెం పట్టుకుని.

"కుట్లు పైన ఉంటాయమ్మాయ్. డిస్క్ లోపల ఉంటుంది. వాళ్ళు పైపైన కోసి పంపిస్తారు, లోపల ఎముక ఎక్కడిదక్కడే. మా కమాండరుగారి నడుము రాజధానిలో పెద్దపెద్దవాళ్ళు చూసి చేతులెత్తేస్తే, గుర్రపుశాల వెనక నేను విదిలించాను. మర్నాడు కవాతుకి వచ్చాడు."

"మాషల్లా!" అన్నారు ఎవరో.

మా అత్తయ్య వైపు చూశాను. ఆవిడకి తెలుసు. ఆ గదిలో నాకూ, తుర్గాయ్‌కీ, ఆవిడకీ మాత్రమే తెలుసు. జపమాల వేళ్ళ మధ్య ఆగిపోయింది. పెదవులు కదిలాయి. ఇప్పుడు చెప్తుంది, తల్లి కదా, చెప్తుంది అనుకున్నాను.

"నెమ్మదిగా, ఇద్రీస్," అంది.

అంతే. కన్నకొడుకు కుట్లకీ పరువుకీ మధ్య ఆవిడ కనిపెట్టిన రాజీ మార్గం ఆ ఒక్క మాట.

మామయ్య తుర్గాయ్‌ని లేపి నిలబెట్టాడు. తుర్గాయ్ గొట్టం డబ్బాని పైజమా జేబులో దాచుకుని, ఉరికంబం ఎక్కేవాడిలా నిలబడ్డాడు. మామయ్య వీపు ఆనించాడు, చేతులు మెలేశాడు, "బిస్మిల్లా" అని ముందుకి వంగాడు. నా భర్త కాళ్ళు నేల వదిలేశాయి. ఒంటి బరువంతా ఎక్కడ ఆనుకుందో నాకు తెలుసు. డాక్టరమ్మ పొందిగ్గా తిప్పి కుట్టిన ఆ కండ, సార్జెంటుగారి వెన్నెముక మీద ఉంది.

తుర్గాయ్ ముఖం నాకు ఎదురుగా ఉంది. సున్నం కొట్టినట్టు తెల్లబడిపోయింది. నోరు బిగించాడు. కళ్ళతో నన్ను చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా తిప్పాడు. ఒంట్లో కండ చిరిగినా ఫర్వాలేదు, ఆ మాట మాత్రం బయటికి రాకూడదట!

"ఊపిరి బిగబట్టు," అన్నాడు మామయ్య. "ఒకటీ..."

"దించండి మామయ్యా!" అని అరిచాను. "అది నడుము కాదు, ముడ్డి!"

పెద్దవాళ్ళ ముందు గొంతెత్తడం నాకదే మొదటిసారి. ఎత్తాక ఎలా దించాలో తెలియలేదు. "వెంట్రుకలు దిగి చీము పట్టింది! పిర్రల మధ్య! లోపలంతా కోసి తీసేసి, పక్క పిర్ర కండ తెచ్చి కుట్టారు! డిస్కూ లేదు, గిస్కూ లేదు! మీరు విదిలిస్తే ఊడిపోతుంది, దించండి మామయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటాను!"

టీవీలో ఎవడో గోలు కొట్టాడు. అక్కడ స్టేడియమంతా కేకలు వేసింది. మామయ్య మెల్లగా నిటారుగా లేచాడు. తుర్గాయ్ కాళ్ళు నేలకి తగిలాయి. పైజమా వెనక చిన్న ఎర్రటి మచ్చ తేలింది. దాన్ని అందరూ చూశారు, చూసిన వెంటనే అందరూ కప్పు వైపు చూశారు.

"రెండూ దగ్గరదగ్గరేలే," అంది నేబహత్ పిన్ని. పాపం, మంచి మనిషి.

అంతలో ఒకాయనకి పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి. మగవాడికి పొయ్యి మీద పాలేమిటని ఎవరూ అడగలేదు, ఎందుకంటే అందరికీ ఏదో ఒకటి గుర్తొచ్చింది. చెప్పుల దగ్గర తొక్కిసలాట జరిగింది. గండం గడిచిపోవాలి అనే మాట ఏ చోటికైనా పనికొచ్చేదే. కానీ ఆ రోజు ఒక్కరి నోటా రాలేదు.

"చంపేశావే," అంది అత్తయ్య. దివాను మీద కూలబడి తలగుడ్డని ముఖం మీదికి లాక్కుంది.

తుర్గాయ్‌ని మినీబస్సు వెనక సీటు మీద బోర్లా పడుకోబెట్టి, అతని స్నేహితుడి చేత నడిపించుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ కట్టు విప్పింది. నేను గోడ వైపు తిరిగి, గుర్తున్న దువాలన్నీ వరసగా చదివాను.

"ఏం చేశారు?" అంది ఆవిడ.

"మెట్ల మీద జారాను," అన్నాడు తుర్గాయ్ దిండులోకి.

"మెట్లు మిమ్మల్ని చంకల కింద పట్టుకుని ఎత్తాయా? ఇక్కడ నీలిమచ్చలున్నాయి."

అతను ముఖం దిండులో ఇంకాస్త దూర్చాడు. అంతా నేనే చెప్పాను. నడుము దగ్గర మొదలుపెట్టి కమాండరుగారి దాకా చెప్పాను. నర్సు బయటికి వెళ్ళి గోడ పట్టుకుని నవ్వుకుని మళ్ళీ లోపలికొచ్చింది. డాక్టరమ్మ నవ్వలేదు.

"కింది మూలలో కాస్త విడిపోయింది. మిగతాది నిలబడింది. ఆయన విదిలించి ఉంటే మొత్తం తెరుచుకునేది. ఈ మూల కట్లు కడుతూ ఉంటే మానుతుంది. కానీ ఇంకొక్క దెబ్బ తగిలిందో, నా దగ్గరికి రావద్దు. ఆ సార్జెంటుగారి దగ్గరికే వెళ్ళండి."

ఆ తర్వాత మా ఇంటికి ఎవరూ రాలేదు. డిస్క్‌కి వచ్చిన ఊరు, పిర్రకి రాలేదు. చెప్పుల గుట్ట మాయమైంది. టీ కెటిల్ చల్లబడింది. ఏ నడికట్టూ, ఏ తవుడు మూటా లేకుండా తుర్గాయ్ రోజంతా ప్రశాంతంగా నిద్రపోయాడు. గాయానికి ఇంతకంటే మంచి మందు ఇంకొకటి లేదు. నేను పొద్దునా సాయంత్రం కట్టు మార్చి, చుట్టుపక్కల వెంట్రుకలు జాగ్రత్తగా గొరిగేదాన్ని. అతను నాతో మాట్లాడలేదు. ఎలాగూ అటు తిరిగే పడుకునేవాడు కాబట్టి అలకకి వేరే ఏర్పాటేమీ చేసుకోనక్కర్లేకపోయింది.

అత్తయ్య నాతో పాప ద్వారా మాట్లాడేది.

"నిసా, ఉప్పు అయిపోయిందని మీ అమ్మకి చెప్పు."

ఇంకా మాటలు సరిగ్గా రాని నిసా నా దగ్గరికొచ్చి "ఉప్పు" అనేది.

"తెస్తానని నానమ్మకి చెప్పమ్మా," అనేదాన్ని. అది మళ్ళీ వెళ్ళి "ఉప్పు" అనేది.

కుట్లు తీసిన రోజు డాక్టరమ్మ వేలితో అంచు వెంబడి నొక్కి చూసింది. "అతుక్కుంది," అంది. "నిలబడిపోయింది. ఇక గొరగడం మానకు." నేను అక్కడే కూలబడి ఏడ్చాను. తుర్గాయ్ బోర్లా పడుకునే చెయ్యి వెనక్కి చాపి, దొరికిన చోట నన్ను తట్టాడు. దొరికింది నా ముక్కు. ఏమైతేనేం.

ఇంటికొచ్చాక ఒక పొద్దున, అత్తయ్య సంతకి వెళ్ళిన వేళ, తలుపు చప్పుడైంది. ఇద్రీస్ మామయ్య. బూట్ల చప్పుడు లేకుండా ఎలా మెట్లెక్కాడో తెలియదు. టోపీ చేతిలో నలుపుకుంటున్నాడు.

"రండి మామయ్యా, కూర్చోండి."

"నిలబడే ఉంటాలే. అమ్మాయ్... ఆ డాక్టరమ్మ ఎప్పుడెప్పుడు ఉంటుంది?"

"రోజూ ఉంటుంది. ఎవరికి?"

"నాకు తెలిసినవాడొకడున్నాడు."

"ఎన్నాళ్ళ నుంచి ఆయనకి?"

"సైన్యంలో చేరినప్పటి నుంచి. జీపు నడిపేవాడు. మానుతుంది, మళ్ళీ పగులుతుంది. సిగ్గుకి ఎవరికీ చెప్పుకోలేదు వాడు." మెట్ల వైపు చూసి గొంతు తగ్గించాడు. "చేయించుకుంటాడు. కానీ ఇంట్లోవాళ్ళకి డిస్క్ అని చెప్దామా అని..."

"చెప్పొచ్చు మామయ్యా. చెప్తే ఆయన్ని చూడ్డానికి అందరూ వస్తారు. ఎత్తి విదిలించడానికి ఎవరొస్తారు?"

మామయ్య ఆలోచించాడు. "నా దగ్గర పని నేర్చుకున్న మా బావమరిది ఉన్నాడు," అన్నాడు నెమ్మదిగా. "ఎద్దులా ఉంటాడు." ఆయన ముఖంలో రంగు తగ్గింది.

లోపల్నించి తుర్గాయ్ గొంతు వినిపించింది. మెట్లన్నీ మోగేలా.

"చిన్నాన్నా! రా, లోపలికి రా! నా ముడ్డి చూడు, ఎంత బాగా కుట్టిందో! సిగ్గెందుకు, నువ్వు మోసిందేగా!"

పై అంతస్తులో నేబహత్ పిన్ని తలుపు తెరుచుకున్న శబ్దం వినిపించింది. మామయ్య గతుక్కుమన్నాడు. వెళ్ళిపోతాడేమో అనుకున్నాను. వెళ్ళలేదు. టోపీ కొక్కేనికి తగిలించి, బూట్లు విప్పుకోవడానికి వంగబోయి, "అబ్బా" అని ఆగిపోయాడు.

"నడుమా మామయ్యా?" అని అడిగాను.

ఆయన తలుపు రెక్క పట్టుకుని పైకి చూశాడు, కిందికి చూశాడు, నన్ను చూశాడు.

"కాదమ్మా," అన్నాడు.

నేను కింద కూర్చుని ఆయన బూట్ల తాళ్ళు విప్పాను.